చల్లని గదిలో మంచు బెడద

వేసవి మధ్యాహ్నమున చల్లని నీరు నింపిన చెంబును బల్లపై ఉంచినచో, కొద్ది నిమిషములలో దాని వెలుపల నీటిబిందువులు పుట్టును. ఆ నీరు చెంబులోనుండి కారినది కాదు. గదిలోని గాలినుండి వచ్చినది. గాలిలో కంటికి కనబడక దాగియున్న ఆవిరి చల్లని లోహము తగులగానే నీరై నిలుచును. ఆ లోహము ఇంకను చల్లనిదై, సున్నా డిగ్రీలకు దిగువన ఉన్నచో, ఆ తేమయే గట్టిపడి తెల్లని పొర యగును. రిఫ్రిజిరేటరు గల ఇండ్లలో ఈ తెల్లని పొర గృహిణులకు పాత పరిచయమే. పాతతరహా పెట్టెలలో అప్పుడప్పుడు స్విచ్చి ఆపి, తలుపు తెరచి, ఆ మంచును కరిగించి తుడువవలసి ఉండును.

నేడు నేను చెప్పదలచినది ఇంటిపెట్టెలోని మంచును గూర్చి కాదు. ఒక గదినే పెట్టెగ మార్చుకొని, అందు కూరగాయలో పూలో నిలువయుంచుకొనువారికి ఎదురగు మంచును గూర్చి.

గుంటూరు చుట్టుపట్ల మిరపకాయలకొరకు వెలసిన కోల్డ్ స్టోరేజీలను మీలో చాలమంది చూచియుందురు. అవి పెద్ద కట్టడములు, పెద్ద యంత్రములు; వేలకొలది బస్తాలకు తగినవి. ఇరువది బుట్టల ఆకుకూరను ఒక్కరాత్రి నిలిపి తెల్లవారి పట్టణమునకు పంపదలచిన చిన్నరైతునకు అవి అక్కరకు రావు. కడియపులంక వంటి పూలసంతలో ధర పడిపోయిన దినమున, సరకును మరునాటివరకు కాపాడుకొను దారిలేనివాడు అయినకాడికి అమ్ముకొని పోవలసినదే. ధర నిర్ణయించునది పువ్వు నాణ్యము కాదు, అది ఎన్ని గంటలలో వాడిపోవునను భయము.

ఇట్టివాని చూపు సహజముగ ఇంటి కిటికీలో బిగించు ఎయిర్ కండిషనరుమీద పడును. అది అంగడిలో సులభముగ దొరకును. ఏ పట్టణములోనైనను దానిని బాగుచేయువాడుండును. శీతల గిడ్డంగికని ప్రత్యేకముగ చేసిన యంత్రముకంటె దాని వెల ఎంతో తక్కువ. చిన్నగదికి లోపల మందముగ థర్మోకోల్ పలకలు తొడిగి, గోడలో ఈ యంత్రమును అమర్చినచో పని తీరునుగదా యను ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రమునందలి న్యూ పాల్ట్జ్ అను ఊర కూరగాయలు పండించిన రాన్ ఖోస్లా అను రైతు, ఈ శతాబ్దపు మొదటి దశకమున, ఇట్టి అవసరముతోనే కూల్‌బాట్ అను చిన్న సాధనమును రూపొందించెను. 2010 ప్రాంతమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖవారు దానితో మన దేశమునందును, ఉగాండా, హోండురాస్ దేశములయందును పరీక్షలు జరిపిరి. ఆ సాధనము చేయు పని యేమో తరువాత చెప్పుదును. అది ఎందుకు కావలసివచ్చెనో ముందు తెలియవలెను.

యంత్రమును కొని, గదిలో బిగించి, మీట నొక్కినవానికి మొదట కలుగునది నిరాశ. గది 16 డిగ్రీలకు రాగానే యంత్రము చల్లబరచుట మానుకొనును. తయారుచేసినవారు పెట్టిన హద్దు అది. మనుష్యులు కూర్చుండు గదికి అంతకు మించిన చలి అక్కరలేదు. అప్పుడు మెకానిక్కును పిలిపించి ఆ హద్దును తీసివేయింతురు. యంత్రము ఆగక నడచును. గది 12 డిగ్రీలకు, 10 డిగ్రీలకు దిగును. యజమాని సంతోషించి ఇంటికి పోయి నిద్రించును. తెల్లవారి వచ్చి చూచునప్పటికి గది తిరిగి 18 డిగ్రీలయందుండును. యంత్రము మాత్రము హోరుమని మ్రోగుచునే యుండును. ముందరి జల్లెడ తీసి చూచినచో లోపలి రేకులు కనబడవు. వాని స్థానమున ఒక తెల్లని గోడ నిలిచియుండును.

ఆ గోడ పుట్టిన విధమిది. యంత్రములోపల రాగిగొట్టములు మెలికలుగ అమర్చబడి, వానిని చుట్టి పలుచని అల్యూమినియము రేకులు దట్టముగ పేర్చబడియుండును. ఈ అమరికను కాయిల్ అందురు. గొట్టములలో ప్రవహించు ద్రవము ఆవిరియగుచు వేడిని పీల్చును; ఫ్యాను గదిగాలిని ఆ రేకుల సందులలోనుండి లాగి, చల్లబరచి, తిరిగి గదిలోనికి పంపును. గది 27 డిగ్రీలలో ఉన్నప్పుడు కాయిల్ సుమారు 7 డిగ్రీలలో ఉండును. అప్పుడు గాలిలోని తేమ నీరై కారి వెలుపలికి పోవును. గది చల్లబడిన కొలది కాయిలును వెనుకనే చల్లబడుచుండును. గది 5 డిగ్రీల దరికి వచ్చుసరికి కాయిల్ సున్నాకు దిగువకు పోవును. ఇక తేమ కారదు, పట్టినచోటనే గడ్డకట్టును.

గడ్డకట్టిన మంచు అంతటితో ఊరకుండదు. ఇంటియంత్రములలో రేకుకును రేకుకును నడుమ ఎడము ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే. ఆ సందు మూసికొనిపోవుటకు ఎంతసేపు? సందు మూసికొన్నచో గాలి రాదు. గాలి రానిచో కాయిలునకు వేడి అందదు. వేడి అందనిచో కాయిల్ మరింత చల్లబడును. మరింత మంచు పట్టును. తుదకు గొట్టములో ఆవిరి కావలసిన ద్రవము ఆవిరికాకయే కంప్రెసరులోనికి ప్రవేశించును. కంప్రెసరు ఆవిరిని నొక్కుటకు చేసినదే గాని ద్రవమును నొక్కుటకు చేసినది కాదు, అది దెబ్బతినును. యంత్రములో అన్నిటికంటె విలువగల భాగమది. అప్పుచేసి కొన్న యంత్రము, అందు నిలిపిన సరకు, రెండును ఒక్కరాత్రిలో పోవుట ఇట్లే జరుగును. శీతల గిడ్డంగికని చేసిన యంత్రములలో రేకుల ఎడము ఇంటియంత్రమునకు రెండు మూడు రెట్లుండును. వేళకు మంచును కరిగించు ఏర్పాటును వేరుగ ఉండును. చౌకగా వచ్చిన కిటికీయంత్రములో ఆ రెండును లేవు. వెలలోని తేడాకు కారణము కొంత ఇదే.

మంచుకు ముడిసరకు తేమ. కావున ఆ తేమ ఎంతయో, ఎక్కడనుండి వచ్చుచున్నదో లెక్క చూచుకొనవలెను. కోస్తా జిల్లాలలో శ్రావణమాసపు గాలి 30 డిగ్రీల వేడితో, నూటికి 80 పాళ్ల తేమతో ఉన్నదనుకొందము. అట్టి గాలి ఒక ఘనపుమీటరులో సుమారు 24 గ్రాముల నీరు ఆవిరిరూపమున ఉండును. 4 డిగ్రీల గాలి ఎంత తడిసినను 6 గ్రాములకు కొంచెము మించి మోయలేదు. తక్కిన 18 గ్రాములు ఎచటికి పోవును? రేకులమీదికే. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తుగల గదిలో సుమారు 22 ఘనపుమీటర్ల గాలి పట్టును. తలుపు బార్లా తెరచియుంచి, బుట్టలు మోసికొనుచు మాటలలో పడి, ఆ గాలి అంతయు ఒకమారు మారనిచ్చినచో, దాదాపు 400 గ్రాముల నీటిని లోనికి పిలిచినట్లే. అనంతపురమువంటి చోట వేసవి గాలి 40 డిగ్రీల వేడితో, నూటికి 20 పాళ్ల తేమతో ఉన్నప్పుడు ఘనపుమీటరునకు 10 గ్రాములే యుండును. అనగా మంచువిషయమున వైశాఖపు ఎండకంటె శ్రావణపు ముసురు గట్టి శత్రువు. ఎండ మండుచున్నప్పుడు జాగ్రత్తపడి, వానలు పడగానే నిశ్చింతగ నుండువారు ఇది గమనింపవలెను.

ఇందు మరియొక నష్టము కలదు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లార్చుటకు ఒక కేలరీ వేడిని తీసివేసిన చాలును. ఒక గ్రాము ఆవిరిని మంచుగ మార్చుటకు సుమారు 680 కేలరీలు తీయవలెను. గదిని చల్లబరచుటకు ఖర్చు కావలసిన కరెంటు మంచును పెంచుటకు ఖర్చగును. ఎయిర్ కండిషనరు పుట్టినదే తేమను తీయుటకని చరిత్ర చెప్పుచున్నది. 1902లో విల్లిస్ కారియరు అను ఇంజనీరు న్యూయార్క్ నగరపు బ్రుక్లిన్ ప్రాంతమందలి ఒక ముద్రణాలయములో, తేమకు కాగితము ఉబ్బి రంగులు ఒకదానిపై నొకటి సరిగ పడకున్నవని, గాలిలోని తేమను అదుపులో నుంచుటకే మొదటి యంత్రమును సిద్ధపరచెను. మనుష్యుల సుఖము తరువాత వచ్చినది. కూరగాయల నిలువ మరియు తరువాత.

ఇక రెండవ దారిని వచ్చు తేమ సంగతి. తలుపు గట్టిగ మూసియున్నను రేకులపై మంచు పేరుకొనుచునే యుండుట చాలమందికి వింతగ తోచును. ఆ తేమ సరకునుండి వచ్చును. కోసిన ఆకుకూర చచ్చిపోయిన వస్తువు కాదు. అది ఊపిరి పీల్చుచుండును, వేడిని పుట్టించుచుండును, నీటిని వదలుచుండును. గదికంటె కాయిల్ ఎంత ఎక్కువ చల్లగ ఉన్నచో గాలిలోని తేమను అంత ఎక్కువగ లాగికొనును. ఎండిన ఆ గాలి మరల ఆకులలోని నీటిని లాగును. రేకులపై తెల్లగ మెరయుచున్నది, నిజమునకు, మనము తూకమునకు అమ్మవలసిన తోటకూర బరువే. ఉదయమున గోరుతో గీకి పారబోయు మంచు వాడిన ఆకుకట్టల లెక్కలోనిదని తెలిసినచో, దానిని నివారించుటలో శ్రద్ధ తానే కలుగును.

నివారణోపాయములలో మొట్టమొదటిది ఖర్చులేనిది. ఎంత చలి కావలెనో నిర్ణయించుకొనుట. శీతల గిడ్డంగి అనగానే అందరును 2, 3 డిగ్రీలకు దించవలెనని తొందరపడుదురు. మన ప్రాంతపు పంటలలో చాలవాటికి ఆ చలి మేలు చేయదు సరిగదా కీడు చేయును. మామిడికాయకు 13 డిగ్రీలు చాలును. అరటికి 13, 14. పచ్చిదోర టమాటాకు 13. వంకాయకు 10 నుండి 12. బెండకాయ, పచ్చిమిరపకాయ 7 నుండి 10 డిగ్రీలలో సుఖముగ నుండును. అంతకు దిగువకు పోయినచో అరటితొక్క నల్లబడును. మామిడి సరిగ పండదు. టమాటా రుచి చచ్చును. 13 డిగ్రీల గదిలో మంచు భయము చాలవరకు ఉండదు. నా దృష్టిలో సగముమంది మంచుతో పడు పాట్లు అక్కరలేని చలికి ఆశపడుటవలన కలిగినవే. సున్నా దరి చలి నిజముగ కోరునవి ఆకుకూరలు, క్యాబేజి, కాలీఫ్లవరు, క్యారట్టు, ద్రాక్ష వంటివి. వానికొరకు గది దించువారే తక్కిన మాటలు శ్రద్ధగ వినవలెను. మామిడి, అరటి పండ్లు పండునప్పుడు వదలు ఎథిలీన్ వాయువు ఆకుకూరలను పసుపుపచ్చగ మార్చును గనుక ఆ రెండు జాతులను ఒక్కగదిలో కలిపి యుంచుటయు కూడదు.

ఇప్పుడు కూల్‌బాట్ చేయు పని చెప్పుదును. దానిలో మూడు తీగెలు ముఖ్యము. ఒకటి యంత్రపు సొంత సెన్సరును అంటియుండి, దానిని సన్నగ వెచ్చజేయును. గది ఇంకను వేడిగ నున్నదని యంత్రము భ్రమించి నడచును. రెండవది గది చలిని కొలుచును. మూడవది రేకుల నడుమ దూర్చబడి, అక్కడ మంచు పట్టుచున్నదా లేదా యని కనిపెట్టుచుండును. మంచుసూచన కాగానే మొదటి తీగె వెచ్చదనము ఆగును. యంత్రము తన హద్దు దాటితినని తలంచి కంప్రెసరును ఆపును. ఫ్యాను మాత్రము తిరుగుచునే యుండును. గదిగాలి 4 డిగ్రీలలో ఉన్నను అది సున్నాకు పైనే కదా. ఆ గాలియే రేకులమీదుగ పోవుచు మంచును కరిగించును. కరిగిన పిమ్మట కంప్రెసరు మరల నడచును. ఎంత చిన్న యుక్తి! మంచును కరిగించుటకు వేరే వేడి అక్కరలేదు. గదిలోని చల్లనిగాలియే చాలును.

ఈ సాధనము లేకున్నను, తెలిసిన ఎలక్ట్రీషియను చేత ఇదే సూత్రమును అమలుపరచుకొనవచ్చును. రేకులనడుమ సెన్సరుండవలెను, మంచు పట్టగానే కంప్రెసరు ఆగవలెను, ఫ్యాను ఆగరాదు, ఆగిన కంప్రెసరు కనీసము మూడు నిమిషములు గడువక మరల మొదలుకారాదు. ఈ కడపటి మాట మరువరానిది. గొట్టములలో రెండువైపుల ఒత్తిడి సమము కాకమునుపే కంప్రెసరును లేపినచో దాని మోటారు కాలిపోవచ్చును. గదిని సున్నా దరికే దించదలచినచో ఈ యుక్తి పారదు. కరిగించు గాలికి వెచ్చదనము మిగలవలెను గదా. కిటికీయంత్రమునకు 3 డిగ్రీలు దాదాపు తుదిమెట్టు అనుకొనవలెను. ఇన్వర్టరు యంత్రములలో కంప్రెసరు వేగమును లోపలి ఎలక్ట్రానిక్ పలక నిర్ణయించును. వానిలో చాలవాటికి తమ సొంత మంచు కాపుదల ఉండి, చలి మించగానే తమంతట తామే ఆగును. కావున ఈ పనికి ఒకే వేగమున నడచు సాధారణ యంత్రమే మేలు. ఇట్లు వాడినచో కంపెనీ ఇచ్చు గ్యారంటీ నిలువకపోవచ్చునని ముందే ఎరుగవలెను.

గది కట్టడము విషయమున ఒక పొరపాటు తరచుగ జరుగును. థర్మోకోల్ తొడుగుదురు గాని ఆవిరిని ఆపు పొరను మరతురు. థర్మోకోల్ వేడిని ఆపినంతగ ఆవిరిని ఆపదు. మన దేశమున వెలుపలి గాలియే సంవత్సరము పొడవునను వెచ్చనిది గనుక పాలితీను పొర పలకలకు వెలుపలివైపున ఉండవలెను. అతుకులన్నియు టేపుతో మూయవలెను. యంత్రమును బిగించిన చట్రము చుట్టునుండు సందును మైనముతోనో నురుగుతోనో పూడ్చవలెను. తలుపు అంచున రబ్బరు, తలుపునకు లోపల ప్లాస్టిక్ పట్టీల తెర. ఈ రెండింటి ఖర్చు స్వల్పము, ఫలము అధికము. తలుపు గొళ్లెము లోపలినుండియు తెరచుకొనునట్లు ఉండి తీరవలెను. ఇది మంచుకొరకు కాదు, ప్రాణముకొరకు. యంత్రము వెలుపలివైపునకు ఇంచుక వాలియుండినచో కరిగిన నీరు గదిలో నిలువక బయటికి పోవును. గదిలో నిలిచిన నీరు తిరిగి ఆవిరియై తిరిగి మంచగును.

సరకును తెచ్చు వేళయు గమనింపదగినది. మధ్యాహ్నపు ఎండలో కోసినది పొలపు వేడినంతయు మోసికొని వచ్చును. తెల్లవారుజామున కోసి, నీడన ఆరబెట్టి, కడిగినదైనచో నీరు వోడ్చి లోనికి చేర్చవలెను. బుట్టలు గోడకు ఆనకుండ, గాలి తిరుగునట్లు పేర్చవలెను. యంత్రమునకు ఎదురుగ నానించి పెట్టరాదు. అచట వీచు గాలి సున్నాకు దిగువన ఉండి ఆకులు మాడినట్లగును. ఫ్యాను ఎప్పుడును పెద్దవేగముననే తిరుగవలెను. ముందరి జల్లెడకు పట్టిన దుమ్ము కూడ గాలిని ఆపి మంచును పుట్టించును. వారమున కొకమారు కడుగవలెను. చలిని చూచుకొనుటకు థర్మామీటరును బుట్టల నడుమ ఉంచవలెను గాని యంత్రపు నోటికడ కాదు.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను మంచు పట్టుచునే యున్నచో, అది ఏ భాగమున పట్టుచున్నదో చూడవలెను. కాయిల్ అంతట సమముగ పట్టినచో దోషము గాలిదో తేమదో. గొట్టము ప్రవేశించుచోట కొద్దిపాటి భాగముననే మంచుపట్టి తక్కినది పొడిగనున్నచో గ్యాసు తగ్గినదని అనుమానింపవలెను. గ్యాసు ఊరక తరుగదు, ఎచటనో కారుచుండును. కారుచోటు మూయక పై పై నింపించుట డబ్బు దండుగ. క్రొత్తయంత్రములలో ఎక్కువగ వాడుచున్న ఆర్-32 గ్యాసు స్వల్పముగ మండు స్వభావము గలది గనుక మూసిన గదిలో తెలియనివారిచేత దానిని ముట్టించరాదు. మంచుగడ్డను కత్తితోనో, స్క్రూడ్రైవరుతోనో పొడిచి ఊడదీయువారిని చూచుచున్నాము. రేకులు వంగుట అటుండగ, గొట్టమునకు చిల్లిపడినచో యంత్రము పని అంతటితో సరి. కంప్రెసరును ఆపి, ఫ్యానును తిరుగనిచ్చి, ఓపికపట్టిన గంట రెండు గంటలలో అదియే కరగును.

పాలు, మందులు, టీకాలు ఈ గదిలో దాచవచ్చునా యని అడుగువారు కలరు. టీకాలకు గట్టి కట్టుబాటు గల పెట్టెలు వేరుగ ఉన్నవి. వానికి ఇది తగదు. పిదికిన పాలను త్వరగ చల్లార్చవలెను. క్యాను చుట్టు తిరుగు చల్లనిగాలి ఆ పని అంత త్వరగ చేయలేదు.

కడపట కరెంటు సంగతి. కరెంటు పోయినప్పుడు తలుపు తెరచి చూడవలెనను ఆత్రము సహజము. తెరువరాదు. బాగుగ కట్టిన గది మూసియున్నంతకాలము కొన్ని గంటలు చలిని నిలుపుకొనును. ఆ విరామమున రేకులపై నున్న మంచు తానే కరగి పోవును. కరెంటు వచ్చి పోవుచు, వచ్చి పోవుచు నుండు ఊళ్లలో మాత్రము కంప్రెసరునకు ఆ మూడు నిమిషముల ఆలస్యమును కలిగించు రిలే తప్పక ఉండవలెను. అది లేనివారు కరెంటు పోగానే యంత్రపు స్విచ్చిని తీసివేసి, తిరిగి వచ్చిన పిమ్మట గడియారము చూచి వేయవలెను.